ముద్దాయి ఎవరు?

2024 జనవరి 2వ తారీఖున హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఆ రోజు బాగా యాదుంటుంది. పెట్రోలు బంకుల ముందు ఎక్కడ చూసినా లైన్లే. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు బండికి పెట్రోలు దొరక్క గుర్రమెక్కి ఖానా ఇవ్వడానికి బయల్దేరిన వీడియో ముల్కంతా తిరిగింది. నాకే పదిమంది పంపారు. అందరం నవ్వుకున్నాం. ట్యాంకర్లు, లారీలు ఎందుకు ఆగిపోయాయన్నది మాత్రం ఆ వీడియో పంపిన వాళ్ళలో ఒక్కరూ రాయలేదు.

ఆ రోజు మగ్రిబ్ అయ్యాక కర్నూలు జిల్లా నుంచి మా ముమానీ ఫోన్ చేసింది. "క్యా బేటా, గాడీ సే మార్కే భాగే తో దస్ సాల్ కీ సజా కతే? సచ్చీ క్యా?" అని అడిగింది. బండితో గుద్ది పారిపోతే పదేళ్ళు జైలంట కదా, నిజమేనా అని. నిజమే, కొత్త ఖానూన్‌లో అలా రాశారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మన కేసుకి కూడా వర్తిస్తుందా?" అంది. వర్తించదు, పాత జుర్మ్‌కి పాత ఖానూనే అన్నాను. "అచ్ఛా" అని ఫోన్ పెట్టేసింది. ఆ "అచ్ఛా" నన్ను ఇప్పటిదాకా వదల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా మాము దర్జీ. 2017 జూన్. రంజాన్ నెల, పైగా స్కూళ్ళు తెరిచే రోజులు. పండగ బట్టలూ యూనిఫారాలూ ఒకేసారి మీద పడే సీజను, ఏడాది సంపాదనలో సగం ఆ నెలలోనే. గుండీలు, లైనింగు గుడ్డ తేవడానికి పొద్దున్నే మోపెడ్ మీద హైవే ఎక్కాడు. ఎడమ అంచునే పోతున్నాడు. వెనక నుంచి కారు వచ్చి కొట్టింది. కారు రెండు వందల గజాల అవతల ఆగింది. కాసేపటికి ఇంకో కారు వచ్చి ఆ కారులో ఉన్న ఇద్దరినీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఇదంతా చూసింది రోడ్డు పక్క చాయ్ బండి అతను. కారు నడిపింది కుర్రాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదని ఆ రోజే మాకు చెప్పాడు.

మూడు రోజుల తర్వాత ఒకతను స్టేషన్‌కి వచ్చి లొంగిపోయాడు. నలభై ఏళ్ళుంటాయి. కారు యజమాని దగ్గర నౌకరీ. నడిపింది నేనేనని రాసిచ్చాడు, ఆ సాయంత్రమే జమానతు మీద ఇంటికి పోయాడు. 304ఎ జమానతు ఇవ్వదగ్గ సెక్షను కనుక స్టేషన్‌లోనే పనైపోయింది. మయ్యత్ ఇంట్లో జియారత్ కూడా అవ్వలేదు.

ముమానీ ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అందుకని స్టేషనుకి, పోస్ట్‌మార్టం కాయితాలకి, వకీలు దగ్గరికి నేనే తిరిగాను. ఆ తిరుగుడులో మొదటిసారి రిపోర్టు నకలు చేతికొచ్చింది. అందులో మా మాము "హఠాత్తుగా అడ్డం రావడంతో" ప్రమాదం జరిగినట్టు ఒక వాక్యం ఉంది. వెనక నుంచి దెబ్బ తిన్నవాడు అడ్డం ఎలా వస్తాడని అడిగితే "అది మామూలుగా రాసే మాటేలే" అన్నారు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మన తెలుగు కోర్టు మాటల్లో చాలామటుకు ఫార్సీ, అరబీ దారిలో వచ్చినవే. ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, వకాల్తా, అన్నీ. వాటిలో రెండు మాటలు మాత్రం వచ్చే దారిలో తిరగబడ్డాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని చెప్పుకునేవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. అలాగే ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరూ రాజీపడి రాసుకునే కాయితం. తెలుగులో కొలువు వదిలేసే కాయితం. భాషలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, దానికి ఎవరినీ తప్పు పట్టను. కానీ రోడ్డు మీద చచ్చిపోయినవాడి విషయంలో ఈ తిరగబడడం మాటల దగ్గర ఆగదు. ఫిర్యాదీ అయిన చోట మా మాము ముద్దాయి అయ్యాడు, అదీ తెలుగు ముద్దాయి. ఇద్దత్ నడుస్తుండగానే ఇద్దరు పెద్దమనుషులు పరదా ఇవతల కూర్చుని రాజీనామా, అదీ ఉర్దూ రాజీనామా, రాసుకుందామని ముమానీకి రెండు గంటలు నచ్చజెప్పారు. "తఖ్దీర్ అమ్మా, మౌత్ అక్కడ రాసిపెట్టి ఉంది" అన్నారు. తఖ్దీర్ మీద ఈమాన్ మాకూ ఉంది. దాన్ని ఎవరో తమ డ్రైవింగ్ లైసెన్సులా వాడుకుంటుంటే మాత్రం చిరాకేస్తుంది.

అయిదేళ్ళు నడిచింది ముకద్దమా. ఈలోగా పరిహారం కేసు చూసే ట్రిబ్యునలు, కారు నడిపినవాడి నిర్లక్ష్యం వల్లే మౌత్ జరిగిందని తేల్చి, బీమా కంపెనీ డబ్బు కట్టాలని ఫైసలా ఇచ్చింది. రెండేళ్ళ తర్వాత అదే సంఘటన మీద క్రిమినల్ కోర్టు ముద్దాయిని వదిలేసింది. ఎందుకంటే చాయ్ బండి అతను గవాహీ చెప్పడానికి వచ్చి, బోనులో ఉన్న మనిషిని చూసి, నేను చూసింది ఇతన్ని కాదండీ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ కోర్టులో పూర్తి సచ్ చెప్పిన ఒక్క మనిషి అతనే. ఆ సచ్ వల్లే కేసు పోయింది.

ఇప్పుడు ఖానూన్ సంగతికి వద్దాం.

మా మాము కేసులో పెట్టిన 304ఎ సెక్షను ఇండియన్ పీనల్ కోడ్‌లో మొదట లేదు. 1860లో కోడ్ రాశారు, 1870లో ఈ సెక్షను కలిపారు. అప్పటికి హిందుస్తాన్‌లో మోటారు కారే లేదు. ఝట్కాలు, ఎడ్లబండ్లు, గుర్రపు బగ్గీల కాలం. బేపర్వాగానో నిర్లక్ష్యంగానో చేసిన పని వల్ల మనిషి చస్తే రెండేళ్ళ దాకా ఖైదు, లేదా జుర్మానా, లేదా రెండూ. అంటే జడ్జీ తల్చుకుంటే ఒక్క రోజు ఖైదు లేకుండా జుర్మానాతోనే సరి. బగ్గీల కోసం కుట్టిన ఈ షేర్వానీనే గంటకి నూటయాభై కిలోమీటర్లు పోయే కారుకి 2024 దాకా తొడిగారు. సుప్రీం కోర్టు 2015లో ఒక పంజాబ్ కేసులో ఈ సజా చాలా తక్కువ, చట్టం చేసేవాళ్ళు మళ్ళీ చూసుకోవాలని చెప్పింది. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ళు పట్టింది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడు సెక్షను 106. మొదటి భాగంలో సజా రెండు నుంచి ఐదేళ్ళకి పెంచారు, జుర్మానాతో సరిపెట్టే వెసులుబాటు తీసేశారు. కనీసం ఇంత అని హద్దు మాత్రం పెట్టలేదు. జమానతు ఇవ్వదగ్గదిగానే ఉంచారు. రెండో భాగం, 106(2), గుద్ది పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా. ముమానీ ఫోన్‌లో అడిగింది దీని గురించే. డ్రైవర్ల హర్తాళ్ కూడా దీని మీదే. సర్కారు వెనక్కి తగ్గింది, కొత్త సంహిత అమలు తేదీ ప్రకటించినప్పుడే ఈ 106(2)ని పక్కన పెట్టింది.

డ్రైవర్లని నేను తిట్టను. మా మొహల్లాలో ఇంటికొక డ్రైవరు ఉన్నాడు, మా అప్పా మర్ద్ కూడా లారీ మీదే బతికాడు. యాక్సిడెంట్ చేసి ఆగితే జనం కొట్టి చంపుతారన్న ఖౌఫ్ ఉత్తిది కాదు. పేరు అడిగి మరీ కొట్టే రోజులు వచ్చాక మనవాళ్ళకి ఆ ఖౌఫ్ ఇంకో పావు ఎక్కువ. కానీ ఆ సెక్షను సరిగ్గా చదివితే, అక్కణ్ణుంచి పారిపోయి దగ్గర్లోని ఠాణాకి వెళ్ళి చెప్పినవాడికి పదేళ్ళు పడవు. పారిపోవడమూ, చెప్పకపోవడమూ రెండూ ఉంటేనే. ఈ ఒక్క ముక్క లారీ అడ్డాల్లో ఎవరైనా వాళ్ళ జుబాన్‌లో కూర్చుని చెప్పారా? చెప్పలేదు. పార్లమెంటులో చదివేశారు, గెజిట్‌లో అచ్చేశారు. హర్తాళ్ జరిగింది, సెక్షను అటకెక్కింది. 2022 ఒక్క ఏడాదిలో ఈ ముల్కులో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. గంటకి 19 మంది. అందులో గుద్ది పారిపోయిన కేసుల్లో పోయినవాళ్ళే 30 వేలకు పైన. వాళ్ళ ఇళ్ళ వాళ్ళు ఎవరూ హర్తాళ్ చేయలేరు కదా.

ఇంకో సంగతి. డ్రైవరుకి పదేళ్ళు అన్నవాళ్ళు అతన్ని నిద్ర లేకుండా పద్దెనిమిది గంటలు తోలించిన మాలిక్ గురించి ఒక్క అక్షరం రాయలేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నాటిది. మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని అందులో ఉండేది. ఏ లారీ డ్రైవరుకైనా ఈ మాట చెప్పి చూడండి, నవ్వుతాడు. సజా సఖ్త్‌గా ఉండాలని నేను గట్టిగా అంటాను, కానీ అది స్టీరింగ్ దగ్గర మొదలై స్టీరింగ్ దగ్గరే ఆగిపోతే ఒప్పుకోను.

అసలు మన ఖానూన్‌లో పెద్ద లోపం ఏళ్ళ లెక్కలో లేదని నా అనుమానం. మధ్య మెట్టు లేకపోవడంలో ఉంది. చూడండి, కునుకు పట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నవాడూ, తాగి రాంగ్ రూట్‌లో కాలేజీ పిల్లల ముందు షాన్ కోసం ఎగిరించినవాడూ ఇద్దరూ 106 సంచీలోనే పడతారు. రెండోవాడి మీద జనం గుస్సా అయితే పోలీసులు పైమెట్టుకి, అంటే హత్య కిందికి రాని ప్రాణనష్టం సెక్షనుకి ఎక్కిస్తారు. పాత 304 రెండో భాగం, ఇప్పటి 105. దానికి పదేళ్ళ దాకా ఉంది. కానీ ఆ పని చేస్తే ప్రాణం పోతుందని వాడికి ఇల్మ్ ఉందని సాబిత్ చేయాలి. కింద ఐదేళ్ళ మెట్టు, పైన పదేళ్ళ మెట్టు. మధ్యలో గాలి. వకీళ్ళు ఏళ్ళ తరబడి ఆ గాలిలోనే కేసుని ఊపుతారు.

1999 జనవరిలో ఢిల్లీలో ఒక బీఎండబ్ల్యూ ఆరుగురిని చంపింది, అందులో ముగ్గురు పోలీసులే. 2008లో కింది కోర్టు పై సెక్షను కింద ఐదేళ్ళు వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని 304ఎకి దించి రెండేళ్ళు చేసింది. 2012లో సుప్రీం కోర్టు మళ్ళీ పై సెక్షనే కరెక్టంది, కానీ అప్పటికే గడిపిన జైలు చాలు, 50 లక్షలు కట్టు, రెండేళ్ళు సమాజ సేవ చెయ్యి అంది. 2006 నవంబర్‌లో బంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కింది, ఏడుగురు పోయారు. కింది కోర్టు 304ఎ అని ఆరు నెలలు వేసింది. ఒక్కో జాన్‌కి నెల కూడా కాదు. హైకోర్టు పై సెక్షను కింద మూడేళ్ళు చేసింది, సుప్రీం కోర్టు 2012లో దాన్ని ఖాయం చేసింది. జడ్జీలు ఖరాబు వాళ్ళని నేననడం లేదు. అదే పనికి ఒక్కో కోర్టులో ఒక్కో పేరు పెట్టాల్సి వస్తుందంటే, ఆ పనికి ఖానూన్‌లో సొంత పేరు లేదన్నమాట.

హైదరాబాద్ వాళ్ళకి 2016 జులై 1 పంజాగుట్ట చెప్పనక్కర్లేదు. తాగిన ఇంజినీరింగు కుర్రాళ్ళ కారు డివైడర్ ఎగిరి అవతలి కారు మీద పడింది. నడిపినవాడికి లైసెన్సే లేదు. స్కూలు నుంచి ఇంటికి వస్తున్న పదేళ్ళ పాప వారం పైగా హాస్పిటల్లో ఉండి పోయింది. ఒకే ఖాందాన్‌లో ముగ్గురు. ఇక పుణెలో 2024 మే 19న పదిహేడేళ్ళ కుర్రాడి పోర్షే కారు ఇద్దరు ఇంజినీర్లని చంపితే, గంటల్లో జమానతు ఇచ్చి రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల మజ్మూన్ రాయమన్నారు. ఆ తర్వాత రక్తం నమూనా మార్చారన్న ఇల్జామ్ మీద డాక్టర్లు అరెస్టయ్యారు. మజ్మూన్ మీద ముల్కంతా మండిపడింది. నాకైతే రక్తం నమూనా సంగతే ఎక్కువ భయమేసింది.

బర్తానియాలో ఇలా ఉండదు. అక్కడ ప్రమాదకరంగా నడిపి చంపడం ఒక జుర్మ్, అజాగ్రత్తగా నడిపి చంపడం వేరే జుర్మ్. రెండోదానికి ఐదేళ్ళ దాకా. మొదటిదానికి 14 ఏళ్ళు ఉండేది. బిడ్డల్ని పోగొట్టుకున్న అమ్మానాన్నలు ఏళ్ళ తరబడి ఎంపీల చుట్టూ తిరిగి, దస్తఖత్‌లు పోగేసి, 2022 జూన్ 28 నుంచి దాన్ని యావజ్జీవం దాకా తెచ్చుకున్నారు. ప్రమాదకరం అంటే ఏమిటో కూడా అక్కడ ఖానూన్‌లోనే రాసి ఉంది: జాగ్రత్త గల డ్రైవరు ఎలా నడుపుతాడో దానికి చాలా కిందికి పడిపోవడం, ఆ సంగతి అలాంటి డ్రైవరు ఎవడికైనా తేటగా తెలిసేలా ఉండడం. వాడి దిల్‌లో ఏముందో తవ్వనక్కర్లేదు, రోడ్డు మీద ఏం చేశాడో చూస్తే చాలు. మనకి కావల్సిన మధ్య మెట్టు అదే.

కొందరు దోస్తులు దియత్ మాట ఎత్తుతారు. ఫిఖ్‌లో కత్లె అమ్ద్ వేరు, కత్లె ఖతా వేరు, పొరపాటున ప్రాణం పోతే వారసులకి దియత్ ఇవ్వాలి అని. ఆ ఫరఖ్ చేయడం నాకు ఇష్టమే, అసలు నేనడిగే మెట్ల లెక్క కూడా అలాంటిదే. కానీ దౌలత్ ఉన్నవాడి చేతిలో అది ఏమవుతుందో పక్క ముల్కులో చూశాం. పాకిస్తాన్‌లో బేపర్వా డ్రైవింగ్‌తో చంపితే దియత్‌తో పాటు పదేళ్ళ దాకా ఖైదు కూడా వేయొచ్చని చట్టంలో ఉంది. 2024 ఆగస్టులో కరాచీ కార్సాజ్ రోడ్డులో ఒక పెద్దింటి ఆమె బండి తండ్రినీ కూతురినీ చంపింది. కొన్ని వారాలకే వారసులు మాఫీ ఇచ్చారు, ఆమెకి జమానతు వచ్చింది. పోయినవాళ్ళది గరీబు కుటుంబం. మాఫీ ఇచ్చే హక్ వాళ్ళదే, కాదనను. కానీ వద్దనే తాకత్ కూడా ఉన్నప్పుడే అది హక్ అవుతుంది. ముమానీ పరదా ఇవతల కూర్చున్న ఆ పెద్దమనుషులు నాకు అందుకే గుర్తొస్తారు.

సజా పెంచితే యాక్సిడెంట్లు తగ్గుతాయా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. పట్టుబడతానన్న భయం పనిచేసినంతగా ఏళ్ళ భయం పనిచేయదు. ఒప్పుకుంటాను. ఇంకో మెట్టు ముందుకెళ్ళి నేనే చెబుతాను: దర్యాప్తు ఇలాగే ఉంచి సజా ఐదు నుంచి పదికి పెంచితే, లొంగిపోవడానికి వచ్చే నలభై ఏళ్ళ నౌకరు రేటు పెరుగుతుంది, అంతే. కాబట్టి కొత్త సెక్షను అడిగేవాళ్ళు దాంతో పాటే కొన్ని అడగాలి. బండి యజమాని ఆ వేళకి ఎవరు నడిపారో పోలీసులకి చెప్పి తీరాలని మోటారు వాహనాల చట్టంలో 133 సెక్షను ఇప్పటికే ఉంది. చెప్పకపోతే నెలల లెక్కన సజా. ప్రాణం పోయిన కేసులో అబద్ధపు పేరు ఇస్తే నడిపినవాడికి ఎంత సజానో మాలిక్‌కీ అంతే పడాలి. తాగి నడిపాడని పట్టుకుంటే రెండు గంటల్లో డాక్టరు పరీక్ష అవ్వాలని అదే చట్టం అంటుంది. మా కేసులో మనిషి దొరికిందే మూడో రోజు, అప్పటికి రక్తంలో ఏముంటుంది? కాబట్టి పారిపోవడమే లాభసాటి కాకుండా చూడాలి, అందుకే 106(2) అటక మీంచి దిగాలి, ఠాణాకి వెళ్ళినవాడికి రక్షణ ఉందని తెలుగులో, ఉర్దూలో ప్రతి లారీ అడ్డాలో చెప్పిన తర్వాత. టోల్ గేటు కెమెరాల్లో డ్రైవరు ముఖం పడితే ఆ రికార్డు చెరిగిపోకముందే తెప్పించడం దర్యాప్తు అధికారి జిమ్మేదారీ అని రాయాలి. మేమడిగేసరికి చెరిగిపోయిందన్నారు.

మైనరు చేతికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకి 2019 సవరణలో మూడేళ్ళ ఖైదు, 25 వేల జుర్మానా పెట్టారు. మంచిదే. మనవాళ్ళలో కూడా పదిహేనేళ్ళ పిల్లాడికి బుల్లెట్ ఇచ్చి "షేర్ హై మేరా బేటా" అని మురిసిపోయే అబ్బాజాన్‌లు తక్కువేం లేరు. షబే బరాత్ రాత్రి బైకుల మీద వాళ్ళ విన్యాసాలు చూసి కూడా నోరు మూసుకుని, వేరేవాళ్ళ కార్ల గురించి రాస్తే నాకే సిగ్గనిపిస్తుంది. ఆ సెక్షను మన ఇళ్ళకీ వర్తిస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మృతుడి కుటుంబానికి 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు ఇచ్చే స్కీము ఉంది, అంతకు ముందు 25 వేలే. దీని గురించి కుటుంబాలకి పోలీసులే చెప్పాలని సుప్రీం కోర్టు 2024 జనవరిలో హుకుం ఇచ్చింది. మీ మొహల్లాలో అలాంటి బేవా ఎవరైనా ఉంటే ఈ ముక్క చెప్పండి, వకీలు కూడా అక్కర్లేదు.

పోయిన నెల మేము ఏడు కుటుంబాల వాళ్ళం కలిసి మా ఎంపీకి ఒక దరఖాస్తు రాశాం. రోడ్డు మీద మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు అవి. మూడు హిందూ కుటుంబాలు, ఒక క్రైస్తవ కుటుంబం, మేం ముగ్గురం. ప్రమాదకర డ్రైవింగ్‌తో చంపడానికి వేరే సెక్షను, దానికి కనీస సజా, మాలిక్ జవాబుదారీ, నడిపినవాడెవరో తేల్చడానికి గడువు, పేషీ తారీఖులు కుటుంబానికి తప్పక తెలపడం. ఇంతే అడిగాం. కాగితం తెలుగులో టైపు చేయించి ముమానీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకి తెలుగు చదవడం రాదు, మొత్తం చదివి వినిపించాను. కనీస సజా ఎన్నేళ్ళని అడిగింది. మూడని చెప్పాను. తల ఊపింది. "మొదటి కాయితంలో మీ మాము అడ్డం వచ్చాడని రాశారు కదా, దాన్ని కొట్టేయమని ఇందులో ఉందా?" అంది.

లేదు. మాకెవరికీ తట్టలేదు. ఖాళీ జాగాలో చేత్తో ఒక లైను కలిపి, కింద ఆమెతో ఉర్దూలో దస్తఖత్ పెట్టించుకుని వచ్చాను.